బండిలో బండ

చలికాలం వచ్చిందంటే చాలు, శనివారం తెల్లారేసరికి నర్సీపట్నం నుంచి కొండవైపు బళ్ళే బళ్ళు. అందరూ వెళ్ళేది లంబసింగికే. మాది గొలుగొండ. ఒకప్పుడు మా వైపు ఎవరైనా వచ్చారంటే కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి చూడ్డానికి వచ్చినవాళ్ళే. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక మేం అనకాపల్లి జిల్లాలోకొచ్చాం, లంబసింగి అల్లూరి జిల్లాలోకెళ్ళింది. మ్యాపులో గీత మారింది గానీ బళ్ళ దారి మారలేదు.

మారిందల్లా ఆ బళ్ళలో ఉండే సరుకు. ఇదివరకు టెంపో ట్రావెలర్లో దుప్పట్లు, పులిహోర పొట్లాలు ఉండేవి. ఇప్పుడు సీట్లు పీకేసి పరుపులేసిన బళ్ళు, చిన్న వంటగట్టు, సింకు, దాని కింద ఒక గ్యాసుబండ. యూట్యూబులో అమెరికా వాన్ లైఫ్ వీడియోలు చూసి సొంతంగా తయారుచేయించుకున్నవాళ్ళు కొందరు, అద్దెకి తిప్పేవాళ్ళు కొందరు. కేరళ 2021లోనే కారవాన్ టూరిజం పాలసీ తెచ్చింది. మన దగ్గర పర్యాటక శాఖ కూడా ఇప్పుడు కారవాన్ల మాట ఎత్తుతోంది. మంచిదే. నాకూ ఇలాంటి ప్రయాణాలంటే ఇష్టమే. కానీ ఆ వంటగట్టు కింద బండ సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. అందుకే ఈ టపా.

పోయిన చలికాలం అద్దెబండి డ్రైవరొకాయన్ని అడిగాను, సిలిండర్ ఎక్కడ పెడతారు గురువుగారూ అని.

"సీటు కిందేనండి. ఊగకుండా తాడేసి కట్టేసాం."

"లీకైతే?"

"వాసనొస్తాది కదండీ."

ఈ చివరి మాట దగ్గరే నా పేచీ. ఆయన్ని తప్పుపట్టను. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో నూటికి తొంభైమంది ఇదే సమాధానం చెప్తారు. అలర్ట్ వస్తుంది కదా, చూసుకుందాం లే అనే బాపతు. అలర్ట్ రావడం వేరు, సర్వర్ పడిపోకుండా ఉండటం వేరు అని మనకి రోజూ అనుభవమే.

ముందు ఆ వాసన సంగతి. ఎల్పీజీకి సొంతంగా చెప్పుకోదగ్గ వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కావాలని కలుపుతారు. మెలకువగా ఉండి, ముక్కు పనిచేస్తూ, గ్యాసు ముక్కుదాకా వస్తే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. లంబసింగిలో డిసెంబరు రాత్రి సగం మందికి జలుబు. అందరూ నిద్రలో ఉంటారు. నిద్రలో ముక్కు మనల్ని లేపుతుందని నమ్మడానికి లేదు. పైగా గ్యాసు గాలికంటే బరువు. ప్రొపేన్ గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైన గ్యాసు నేలబారున నీళ్ళలా పరుచుకుంటుంది, గుంటలుంటే అక్కడ ఆగుతుంది.

ఈ నేలబారు స్వభావం ఎంత పని చేయగలదో మా విశాఖ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14 పొద్దున్న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై, మేఘంలా పరుచుకుని అంటుకుంది. 60 మంది దాకా పోయారు. అక్కడున్నది పెద్ద పెద్ద ట్యాంకులు, ఇక్కడున్నది చిన్న బండ అంటారేమో. నిజమే, కానీ గది కూడా అంతే చిన్నది. లెక్క చూద్దాం.

టెంపో ట్రావెలర్ లోపల నాలుగున్నర మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు అనుకుందాం. సుమారు 15 ఘనపు మీటర్లు. గాలిలో ఎల్పీజీ 2 శాతానికి కాస్త అటూ ఇటూగా చేరితే అంటుకునే మిశ్రమం తయారవుతుంది. బండి అంతటా సమానంగా కలవాలంటే 600, 700 గ్రాముల గ్యాసు కావాలి. కానీ గ్యాసు కింద పరుచుకుంటుందన్నాం కదా. కింద ఒక అడుగు ఎత్తు వరకే లెక్క వేస్తే, 100 గ్రాములు చాలు. ఇంట్లో పొయ్యి మీద పెద్ద బర్నరు గంటకి 150 గ్రాముల దాకా తాగుతుంది. అంటే మంట ఆరిపోయి నాబ్ తెరిచే ఉండిపోతే, గంట కూడా పట్టదు. ఇంతాచేసి ఆ అడుగు ఎత్తులోనే ఏముంటాయి? ఫ్రిజ్ కంప్రెసరు, బ్యాటరీ, ఇన్వర్టరు, ఫోన్ల ఛార్జింగు పాయింట్లు. పడుకున్నవాళ్ళ పరుపులూ ఆ పక్కనే.

"ఇంట్లో ముప్ఫై ఏళ్ళ నుంచి వాడుతున్నాం, ఏమైంది?" అని మా పెద్దమ్మ అంటుంది. ఆవిడ ప్రశ్నలో న్యాయముంది. 1999లో దీపం పథకం మొదలయ్యాక మా ఊళ్ళలో పొగ తగ్గింది. కట్టెలపొయ్యి ముందు కళ్ళు పాడుచేసుకున్న ఆడవాళ్ళకి గ్యాసు పెద్ద వరం. నేను గ్యాసుకి వ్యతిరేకిని కాను. ఇంట్లో బండ ఒకచోట కదలకుండా కూర్చుంటుంది. వంటగదికి కిటికీ, తలుపు ఉంటాయి. వంటయ్యాక రెగ్యులేటరు కట్టేసి వేరే గదిలో పడుకుంటాం. బండిలో ఈ నాలుగూ తారుమారు. ఘాట్ రోడ్డులో గంటల తరబడి కుదుపు, కుదుపుకి బిగింపులు వదులవుతాయి. చలికని కిటికీలన్నీ మూసేస్తారు. వంట చేసిన గదిలోనే నిద్ర. ఇక ఎండాకాలం ఎండలో ఆపిన బండి లోపల వేడి గురించి చెప్పేదేముంది!

ఈ విషయంలో అమెరికావాళ్ళు ఏం చేస్తారో చూస్తే మనకి పనికొచ్చేవి కొన్ని, పనికిరానివి కొన్ని కనిపిస్తాయి. అక్కడి మన మిత్రులు ఎల్లోస్టోన్ ట్రిప్పుకి ఆర్వీ అద్దెకి తీసుకోవడం మామూలే. అందులో గ్యాసుతో నడిచేది పొయ్యి ఒక్కటే అనుకుంటే పొరపాటు. గది వేడిచేసే ఫర్నేసు, నీళ్ళు కాచే హీటరు, చాలా బళ్ళలో ఫ్రిజ్ కూడా ప్రొపేన్ మీదే నడుస్తాయి. ఒకే బండ నుంచి ఇన్నిటికి గ్యాసు పంచాలి కాబట్టి దానికొక పద్ధతి ఏర్పడింది.

ఆ పద్ధతి ఇదీ. బండ మనుషులుండే గదిలో ఉండదు. బయట ముందుభాగంలోనో, లోపలికి గాలి చొరబడకుండా సీలు చేసి బయటికి మాత్రమే తెరుచుకునే పెట్టెలోనో ఉంటుంది. ఆ పెట్టెకి అడుగున కంతలుంటాయి, లీకైన గ్యాసు రోడ్డు మీదకి జారిపోవడానికి. బండ మీదే రెగ్యులేటరు. మన వాతావరణానికి బండ లోపల ఒత్తిడి అయిదారు బార్లు ఉంటుంది. పొయ్యికి కావలసింది 30 మిల్లీబార్లు మాత్రమే, అంటే అడుగు ఎత్తు నీళ్ళు కలిగించే ఒత్తిడి. అమెరికాలో దాన్నే 11 అంగుళాల నీటి మట్టం అంటారు. రెండొందల రెట్లు ఒత్తిడి తగ్గించే పని ఆ చిన్న డబ్బాది, అందుకే ఆర్వీల్లో రెండంచెల్లో తగ్గిస్తారు. అక్కణ్ణించి బండి అడుగున ఒక పెద్ద లోహపు గొట్టం, దాన్నుంచి ఒక్కో పరికరానికి ఒక్కో రాగి గొట్టం పాయ. యూరప్ పద్ధతిలో ఒక్కో పాయకి ఒక్కో వాల్వు కూడా ఉంటుంది. హీటరు పాడైతే దాని వాల్వు కట్టేసి పొయ్యి వాడుకోవచ్చు. లోపల నేలకి దగ్గరగా గ్యాసు డిటెక్టరు, పడుకునేచోట కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు.

మన భాషలో చెప్పాలంటే ఒక్కొక్క పొర ఫెయిలైనా తర్వాతి పొర కాచుకునే డిజైను. మన సీటు కింద బండలో ఎన్ని పొరలున్నాయి? తాడు ఒకటి, ముక్కు ఒకటి.

అక్కడ కూడా అంతా సవ్యంగా ఉందని కాదు. బండి నడుస్తుండగా ఫ్రిజ్ కోసం గ్యాసు తెరిచి ఉంచాలా వద్దా అని అక్కడా వాదులాట ఉంది. బాల్టిమోరు నగరం కింద సొరంగాల్లోకి 10 పౌన్లకి మించిన ప్రొపేన్ బండలున్న బళ్ళని రానివ్వరు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. నా మటుకు నాకు ఈ వాదనలో సందేహం లేదు. చక్రం తిరుగుతున్నంతసేపు బండ వాల్వు మూసే ఉండాలి. రెండు గంటలు గ్యాసు కట్టేసినంత మాత్రాన ఫ్రిజ్‌లో పెరుగు పులిసిపోదు.

ఇహ మన దేశంలో జరిగినవి రెండు చెప్తాను. రెండూ విహారయాత్ర బళ్ళే.

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురైలో, యార్డులో ఆగివున్న రైలు పెట్టె ఒకటి తగలబడింది. లక్నో నుంచి దక్షిణాది యాత్రకి వచ్చినవాళ్ళు ప్రత్యేకంగా బుక్ చేసుకున్న పెట్టె అది. నిబంధనలకి విరుద్ధంగా లోపలికి తెచ్చిన గ్యాసుబండ మీద టీ, కాఫీ పెట్టుకునే ప్రయత్నంలో మంటలంటుకున్నాయని రైల్వే చెప్పింది. 9 మంది చనిపోయారు. రైల్లోకి గ్యాసు తేకూడదన్న చట్టం ఎప్పట్నించో ఉంది. పెట్టె మొత్తం మనదే అనుకున్నాక చట్టం గుర్తుండదు, అదీ అసలు ఇబ్బంది. సొంత బండి, అద్దెబండి విషయంలోనూ ఇదే మనస్తత్వం.

రెండోది 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో. రోడ్డుపక్కన ఆపివున్న కారవాన్లో ఇద్దరు నిద్రలోనే చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జెనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని నిపుణులు తేల్చారు. అక్కడ పేలుడు లేదు, మంట లేదు, చప్పుడు కూడా లేదు. గ్యాసు కథ కాదుగా అనకండి. మూసిన పెట్టెలో ఏది మండినా ఇదే ముప్పు. లంబసింగి చలికి తట్టుకోలేక పొయ్యి సన్నగా వెలిగించి పడుకుందామనుకునేవాళ్ళున్నారు. కుంపటి లోపల పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా రెండూ లేవు. మెర్కాప్టాన్ కలపడానికి అదేమీ కంపెనీ నుంచి బండలో రాదు కదా.

చలి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనకొచ్చే వంటగ్యాసులో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు కిందైనా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తుంది. అందుకే కొండ మీద తెల్లవారుజామున, అందులోనూ బండ అడుగంటే సమయానికి, మంట చిన్నబోతుంది. అప్పుడు మనవాళ్ళు చేసే పని బండని పక్కకి పడుకోబెట్టడం, తిరగేయడం. అలా చేస్తే ఆవిరి రావలసిన చోట ద్రవం వస్తుంది. ఆ ద్రవం రెగ్యులేటరు దాటి బర్నరు దగ్గర ఆవిరైతే 250 రెట్ల దాకా ఉబ్బుతుంది. మంట అడుగు ఎత్తు లేస్తుంది, పైన మీరు కట్టించుకున్న ప్లైవుడ్ అలమర ఉంటుంది. బండ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. మంట తగ్గితే టీ కాస్త ఆలస్యంగా తాగండి, కొంప మునగదు.

ఇంకో జబ్బు కూడా ఉంది. హైదరాబాదులో హాస్టలు మానేసి గది తీసుకున్న ప్రతి బ్యాచిలరుకీ ఆ రెండు మూడు కేజీల బుల్లి సిలిండర్ తెలిసే ఉంటుంది. ఏ సందులోనో పెద్ద బండ నుంచి గొట్టంతో నింపిస్తారు. దానికి పరీక్ష తేదీ ఉండదు, ఎంత నింపారో లెక్క ఉండదు. ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ వదలాలని నింపేవాడికి పట్టదు. ట్రిప్పులకి ఎక్కువగా వెళ్ళేది ఇవే. ఇంటి కనెక్షను 14.2 కేజీల ఎర్రబండని అద్దెబండికి వాడటమూ నేరమే, గృహావసరానికి ఇచ్చింది వ్యాపారానికి వాడకూడదు. దారి లేదా అంటే ఉంది. ఆయిల్ కంపెనీలే 2013 నుంచి 5 కేజీల బండని కనెక్షను లేకుండా, గుర్తింపు కార్డు చూపిస్తే అమ్ముతున్నాయి. ధర కాస్త ఎక్కువే. ఆ తేడా ఒక పిజ్జాతో సమానం.

"ఇంత గొడవెందుకు, ఇండక్షన్ పెట్టుకుంటే పోలా?" అని మీలో ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్ళు అంటారు :) నేనూ చాలావరకు అటే మొగ్గుతాను. కేజీ ఎల్పీజీలో సుమారు 12.8 యూనిట్ల శక్తి ఉంటుంది. 5 కేజీల బండంటే 64 యూనిట్లు. పొయ్యి నష్టాలు పోను 43 యూనిట్లు గిన్నెకి చేరతాయి. నలుగురికి టీలు, ఉప్మా, అన్నం, కూర కలిపి రోజుకి రెండు యూనిట్లు చాలు. అంటే రెండ్రోజుల ట్రిప్పుకి 20 రోజుల ఇంధనం మోసుకెళ్తున్నాం. అదే 5 యూనిట్ల లిథియం బ్యాటరీతో రెండ్రోజులూ గడిచిపోతాయి. అయితే ఆ బ్యాటరీ ఖర్చు చిన్నది కాదు, చవకరకం బ్యాటరీ కూడా తగలబడుతుంది. అద్దెబండి నడుపుకునే చిన్న ఆపరేటరుకి లక్ష రూపాయల బ్యాటరీ పెట్టు అని ఏసీ గదిలో కూర్చుని చెప్పడం నాకు ఇష్టం లేదు.

అంచేత నా ప్రతిపాదన చవకైనది. అమెరికా ఆర్వీని మక్కీకి మక్కీ దించుకోవద్దు. మనకి గ్యాసు ఫర్నేసు అక్కర్లేదు, గ్యాసు ఫ్రిజ్ అసలే అక్కర్లేదు. చలికి రగ్గులున్నాయి. మిగిలేది పొయ్యి ఒక్కటే. ఆ పొయ్యి బండి లోపల ఎందుకు? 5 కేజీల బండ, మడిచే పొయ్యి బండి వెనక బయటికి తెరుచుకునే పెట్టెలో పెట్టండి. ఆగినచోట కిందకి దించి, ఆరుబయట వండుకోండి. పెట్టెకి అడుగున కంతలు పెట్టించడానికి వెల్డింగ్ షాపులో అరగంట పని. ఒక పంపిణీ గొట్టమూ అక్కర్లేదు, లోపలికి గ్యాసు వచ్చే దారే లేదు. మన ఉద్యోగాల్లో కూడా ఇదే కదా నేర్చుకున్నాం, రాయని కోడులో బగ్గులుండవని.

అసలు రెండు పూటల వంట మానేసినా నష్టం లేదు. లంబసింగి దారిలో పొద్దున్నే టీ, వేడి ఇడ్లీ అమ్మే కొండవాళ్ళ కొట్లున్నాయి. మధ్యాహ్నానికి బొంగులో చికెన్ ఉంది. హైదరాబాదు నుంచి మ్యాగీ ప్యాకెట్లు తెచ్చి బండిలో వండుకుని, చెత్త మాత్రం కొండ మీద వదిలేసి వచ్చే టూరిజం వల్ల ఆ ఊళ్ళకి ఒరిగేదేంటి? భద్రత కోసం చేసిన పని అక్కడివాళ్ళకి నాలుగు డబ్బులు తెస్తుందంటే అంతకన్నా ఏం కావాలి.

లోపల వంట తప్పదనే వాళ్ళకి మాత్రం రాయితీ ఇవ్వకూడదని నా అభిప్రాయం. మోటారు కారవాన్లకి మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. రాష్ట్రం కారవాన్లకి సబ్సిడీలు ఇవ్వబోయే ముందు, ఆ ప్రమాణం ప్రకారం తయారైన బండికే పర్మిట్ అనాలి. టెంపోలు కోసి కట్టిన వాటికి ఏటా ఫిట్‌నెస్‌తో పాటు గ్యాసు పరీక్ష కూడా చేయాలి. ఆ పరీక్షకి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. బర్నర్లు కట్టేసి, లైనులో ఒత్తిడి నింపి, వాల్వు మూసి, ముల్లు పది నిమిషాల్లో దిగిందా లేదా చూడటమే. ఘాట్ రోడ్డులో బండి అంటుకుంటే ఫైరింజను కిందనుంచి ఎక్కి రావాలి, లేదా పైనుంచి దిగి రావాలి. ఏదైనా వచ్చేసరికి బూడిదే. అంచేత ఆ పది నిమిషాలు కొండ కిందే ఖర్చు పెట్టాలి.

ప్రభుత్వం చేసేలోగా అద్దెకి తీసుకునే మనం అడగాల్సినవి ఉన్నాయి. బండ ఎక్కడుంది, దాని పెట్టె ఎటు తెరుచుకుంటుంది? బండ మెడ మీద పరీక్ష గడువు ఉంటుంది, ఏ, బీ, సీ, డీ అన్న అక్షరం ఆ ఏడాదిలో మూడేసి నెలల భాగాన్ని, పక్క అంకె సంవత్సరాన్ని చెప్తుంది. అది దాటిందా? గొట్టం ఐఎస్ఐ గుర్తున్న నారింజరంగు సురక్ష గొట్టమేనా, అయిదేళ్ళయిందా? గ్యాసు డిటెక్టరు కింద ఉందా, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు ఉందా, రెండూ మీట నొక్కితే కూస్తున్నాయా? సబ్బునీళ్ళు రాసి బిగింపులు చూపించమంటే డ్రైవరు విసుక్కుంటాడు, పరవాలేదు. లీకు అనుమానమొస్తే 1906కి ఫోన్ చేయొచ్చు. ముందు మాత్రం స్విచ్చులు ముట్టుకోకుండా, తలుపులన్నీ తెరిచి, పిల్లల్ని దించేయండి.

ఆఫీసులో కొత్త లైబ్రరీ ఒకటి వాడాలంటే వంద ప్రశ్నలడుగుతాం. లైసెన్సేంటి, ఎవరు మెయింటెయిన్ చేస్తున్నారు, ఆఖరి వెర్షను ఎప్పుడొచ్చింది అని. పెళ్ళాం పిల్లల్ని పడుకోబెట్టే బండి గురించి మాత్రం ఒక్కటే ప్రశ్న అడుగుతున్నాం, కిలోమీటరుకి ఎంత అని. ఈ చలికాలం దానికి ఇంకొక్క ప్రశ్న కలపండి: బండ ఎక్కడ పెట్టారు? "సీటు కింద" అని జవాబొస్తే ఇంకో బండి చూసుకోండి. నలుగురు అలా వెనక్కి తిరిగితే అయిదోవాడొచ్చేసరికి ఆ బండ బయటికొస్తుంది.